పలక మీద కట్టిన ఇల్లు

కొనేవాళ్లు ‘బాగుంది’ అనడానికీ, చేసేవాళ్లు ‘బాగా చేశాం’ అనుకోవడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం కొలవడానికి జపాన్‌వాళ్లు ఓ కాగితం మీద ఇల్లు గీశారు. ఓడలూ కార్లూ ఆ ఇంట్లోంచి బయటికొచ్చాయి. మరి అదే ఇంటిని మన మార్కాపురం పలకకు కడితే..?

కొత్త పలక ఇంటికి రాగానే పిల్లలు చేసే మొదటి పని ఏమిటి? రాయడం అనుకుంటున్నారా... కాదు. పెరట్లో దొండాకు కోసుకొచ్చి, పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసి, రెండూ కలిపి పలకంతా రుద్దడం. ఆరబెట్టి గుడ్డతో తుడిస్తే పలక నిగనిగలాడేది. దాని మీద బలపం గీత మల్లెపువ్వంత తెల్లగా కనిపించేది. పల్లె బడిలో ఓనమాలు దిద్దిన యాభై ఏళ్లవాళ్లను కదిపితే ఈ విద్య ఇప్పటికీ పూసగుచ్చినట్టు చెబుతారు.

ఇందులో ఓ తమాషా ఉంది. డబ్బుపెట్టి కొన్న వస్తువును వాడటానికి ముందు, కొన్నవాళ్లే మరోసారి తయారుచేసుకుంటున్నారన్నమాట! ‘మాకు ఇంకాస్త నల్లటి పలక కావాలి’ అని ఏ పిల్లాడూ ఫ్యాక్టరీకి ఉత్తరం రాసి ఉండడు. ఆకుతోనూ బొగ్గుతోనూ చెప్పాడంతే. అలాంటి మాటల్ని పట్టుకుని, రాసుకుని, వస్తువుగా మార్చడం కోసమే ప్రపంచంలో ఓ శాస్త్రం పుట్టింది.

నల్లమల పొరల్లో...

మార్కాపురం పేరు చెబితే తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది పలకే. చెన్నకేశవస్వామి గుడి కూడా ఆ తర్వాతే అంటే ఊరివాళ్లు కోప్పడతారేమో కానీ, బయటివాళ్ల సంగతి మాత్రం అంతే. నల్లమల కొండల తూర్పు అంచున మార్కాపురం, దాన్ని ఆనుకుని పెద్దారవీడు, ఇటు తర్లుపాడు, అటు కంభం... వానకు మొహంవాచిన నేల ఇది. రాతికి మాత్రం కొదవలేదు. వంద కోట్ల ఏళ్లకు పూర్వం నీటి అడుగున పేరుకున్న మెత్తటి బురద, భూమి ఒత్తిడికి గట్టిపడి, పొరలుగా చీలే రాయిగా మారింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి శిలలకు కంభం పేరే పెట్టారు.

ఈ రాయి గొప్పతనమంతా చీలడంలోనే ఉంది. ఉలిపెట్టి నేర్పుగా కొడితే పుస్తకంలో పేజీ విడినట్టు పొర విడుతుంది. దాన్ని కొలతకు కోసి, రెండువైపులా నున్నగా అరగదీసి, చుట్టూ చట్రం బిగిస్తే పలక తయారు. తరాల తరబడి దేశంలోని ఎన్నో బడులకు ఇక్కడి పలకలు వెళ్లాయి. విదేశాలకూ ఎగుమతయ్యాయి.

తర్వాత నోటుపుస్తకం ప్రతి ఇంటికీ వచ్చింది. ప్లాస్టిక్ పలక, రేకు పలక, అట్ట పలక వచ్చాయి. అవి కిందపడినా ముక్కలవవు. సంచిలో బరువనిపించవు. రాతి మీద వచ్చినంత చక్కటి రాత వాటిమీద రాదు... అయినా అమ్మానాన్నలు వాటినే కొన్నారు. అసలైన రాయి ముందు ప్లాస్టిక్ ఎంత అని పలకలు చేసేవాళ్లకు అనిపించడం సహజం. నిజమే, రాయి నాణ్యమైనదే. కానీ ఆ నాణ్యతను కొలిచింది ఎవరు? గనిలో రాయిని చూసినవాళ్లు. భుజాన సంచిలో వేసుకుని మైళ్లు నడిచినవాళ్లు కాదు.

ఓడల కార్ఖానాలో పుట్టింది

1960ల్లో జపాన్ పరిశ్రమలదీ ఇదే ఇబ్బంది. తయారైన సరుకులో తప్పులు పట్టడం వాళ్లకు బాగా వచ్చు. తప్పు జరగకుండా తయారుచేయడమూ నేర్చుకున్నారు. కానీ అసలు ఏం తయారుచేయాలో నిర్ణయించే దశలో నాణ్యత ఊసెత్తేవాళ్లు తక్కువ. తలుపు ఎంత చక్కగా చెక్కితే మాత్రం ఏం లాభం, గుమ్మం తప్పు దిక్కున పెట్టాక! యోజి అకావో అనే నిపుణుడు 1966లో ఈ ఖాళీని పూరించే ఆలోచనను ముందుకు తెచ్చారు. షిగెరు మిజునోతో కలిసి దాన్ని ఓ పద్ధతిగా తీర్చిదిద్దారు. 1972లో మిత్సుబిషి వారి కోబే ఓడల కార్ఖానాలో అది గళ్ల పట్టికగా మారింది. ఓడ అంటే అంగట్లో పెట్టి అమ్మే సరుకు కాదు, అడిగినవాళ్ల కోసం ఒక్కొక్కటీ కట్టేది. కట్టాక ‘మేమడిగింది ఇది కాదు’ అంటే ఓడకంటే ముందు కంపెనీయే మునుగుతుంది.

ఆ పద్ధతికి ఇంగ్లిషులో స్థిరపడిన పేరు క్వాలిటీ ఫంక్షన్ డిప్లాయ్‌మెంట్. పొట్టిగా క్యూఎఫ్‌డీ. పేరు నోరు తిరగదు కానీ విషయం తేలికే... కొనేవాళ్ల మాటను చేసేవాళ్ల భాషలోకి మార్చడం. టయోటా ఆటోబాడీ దీన్ని 1977 నుంచి వాడింది. కొత్త వ్యాన్‌ను తయారీకి ఎక్కించేటప్పుడు అయ్యే తొలి ఖర్చులు 1984 నాటికి 61 శాతం తగ్గాయని లెక్క తేల్చింది. అంతకుముందు టయోటా కార్లకు తుప్పు పెద్ద చెడ్డపేరు. ‘బండి మన్నాలి’ అన్న ఒక్క మాటను ఇంజినీర్లు 53 అంశాలుగా విడగొట్టి ఒక్కోదాని సంగతీ చూశారు. తుప్పు విషయంలో ప్రపంచంలోనే వెనకబడ్డ కంపెనీ, అందరికంటే మెరుగైన వాటిలో ఒకటైంది.

1988లో ఎంఐటీ ఆచార్యులు జాన్ హౌసర్, డాన్ క్లాసింగ్ కలిసి హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ పట్టిక గురించి వివరంగా రాశారు. పట్టిక మీద మూడు మూలల కప్పు ఉంటుంది కాబట్టి దాన్ని ‘నాణ్యతా గృహం’ అన్నారు. వాళ్లు తీసుకున్న ఉదాహరణ కారు తలుపు. కొనేవాళ్లు ‘తలుపు తేలిగ్గా పడాలి, ఎత్తు మీద ఆపినా తెరిస్తే తెరిచినట్టే ఉండాలి’ అంటారు. ఇంజినీరుకు కావాల్సింది ఎంత బలం, ఏ కోణం అన్న లెక్క. ఈ రెంటినీ కలిపేదే ఆ ఇల్లు.

ముగ్గు పోద్దాం రండి

కారు సంగతి వదిలేద్దాం. పలకకే ఇల్లు కడదాం. ఎడమవైపు గోడ మీద కొనేవాళ్ల మాటలు, వాళ్లు ఎలా అంటే అలాగే రాయాలి. పగలకూడదు. రాత తెల్లగా కనబడాలి. తుడిస్తే పోవాలి. చెయ్యి గీరుకోకూడదు. మోయడానికి తేలిగ్గా ఉండాలి. ఒక్కోదానికీ ప్రాధాన్యాన్ని బట్టి ఐదుకు ఇన్ని మార్కులని వేసుకోవాలి. వరసగా 5, 5, 4, 4, 3 అనుకుందాం. ఇవి కేవలం లెక్క అర్థంకావడానికి. అసలు మార్కులు బడికెళ్లి అడిగి తెచ్చుకోవాల్సినవి.

పై వరసలో చేసేవాళ్లు కొలవగలిగినవి... రాయి మందం, ఉపరితలం నునుపు, చట్రం బిగింపు. ఇప్పుడు మధ్యలో గళ్లు. ఏ మాటకూ ఏ కొలతకూ గట్టి సంబంధం ఉంటే 9, ఓ మోస్తరుగా ఉంటే 3, కొద్దిగా ఉంటే 1, అసలు లేకపోతే ఖాళీ.

మందం సంగతి చూడండి. పగలకపోవడంతో దానికి గట్టి సంబంధం... ఐదు తొమ్మిదుల నలభై ఐదు. బరువుతోనూ అంతే... మూడు తొమ్మిదుల ఇరవై ఏడు. మొత్తం 72. చట్రం దెబ్బను కొంత కాస్తుంది కాబట్టి 15, చెయ్యి గీరుకోకుండా పూర్తిగా అదే చూసుకుంటుంది కాబట్టి 36, బరువుకు 9. మొత్తం 60. మరి నునుపు? రాత కనబడటానికి 45, చెరగడానికి 36. మొత్తం 81!

ప్లాస్టిక్ దెబ్బకు బెంబేలెత్తినవాళ్లెవరైనా ముందు మందం గురించే ఆలోచిస్తారు. పట్టికేమో పలక ముఖం చూడమంటోంది. దొండాకు రుద్దిన పిల్లలు చెప్పిందీ ఇదే.

కుడివైపు గోడ మీద పోటీదారు జాతకం రాస్తారు. పగలకపోవడంలో ప్లాస్టిక్‌కు మంచి మార్కులు, బరువులోనూ అంతే. రాత దగ్గరకొచ్చేసరికి తలకిందులు. బలపం గీత పడాలంటే రాయి మీద సన్నటి గరుకు ఉండాలి. మరీ నున్ననైతే బలపం జారుతుంది, మరీ గరుకైతే కీచుమంటుంది, తుడిచినా మరక మిగులుతుంది. ఈ మధ్యరకం గరుకు సహజంగానే ఉండటం పలకరాయి అదృష్టం. గెలవడానికి వీలున్న గడి అదే అయినప్పుడు, ఓడిపోయే గడి దగ్గర రాయిని ప్లాస్టిక్‌తో పోటీకి దింపడం దండగ. మొత్తం పట్టికలో ఇంతకంటే ఉపయోగపడే గోడ మరోటి లేదనిపిస్తుంది.

ఇక ఇంటికప్పు. తగాదాలన్నీ అక్కడే. ఒక కొలత పెంచితే ఇంకోటి ఏమవుతుందో రాసే చోటది. రాయి పలచన చేస్తే బరువు తగ్గుతుంది, పగిలే ప్రమాదం పెరుగుతుంది. చట్రం లావు చేస్తే రాయి క్షేమం, రాసే జాగా తగ్గిపోతుంది. ఇలాంటివి మామూలుగా సరుకు బయటికెళ్లాక తెలుస్తాయి. కప్పు ముందే గీసుకుంటే కాగితం దశలోనే బయటపడతాయి. పలచటి రాయి వెనక అట్ట అతికిస్తే? చట్రం మూలల్లో మాత్రమే రబ్బరు పెడితే? కొత్త ఆలోచనలు పుట్టేది ఇలా ఇరుక్కున్నప్పుడే.

పూసల చట్రం మాయ

అడిగినవన్నీ చేసినా కొన్ని వస్తువులు చప్పగానే ఉంటాయి. ఎందుకని? 1984లో జపాన్ ఆచార్యుడు నోరియాకి కానో దీనికో జవాబిచ్చారు. కొన్ని గుణాలు ఉండితీరాల్సినవి. ఉంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే తిడతారు. చెయ్యి గీరుకోని అంచు అలాంటిది. కొన్ని పెరిగినకొద్దీ సంతోషం పెరుగుతుంది, రాత తెలుపులాగా. మూడో రకం ఎవరూ అడగనివి, కనబడితే మాత్రం మొహం వెలిగిపోతుంది.

పలక చట్రానికి తీగలు కట్టి రంగురంగుల పూసలు గుచ్చినవాళ్లెవరో కానీ కానో సిద్ధాంతం చదవకుండానే మూడో రకాన్ని పట్టేశారు! పూసల పలక కావాలని పిల్లలు ముందెప్పుడైనా అడిగారా? చూశాక మాత్రం కొనిచ్చేదాకా దుకాణం వదల్లేదు. అయితే మాయ ఎక్కువకాలం నిలవదు. అన్ని పలకలకూ పూసలొచ్చాక, పూసలు లేని పలకను ‘ఇదేంటి ఇలా ఉంది’ అని పక్కన పెట్టేస్తారు. అబ్బురం అవసరంగా మారిపోతుందని కానో చెప్పింది అదే.

ఇంకో చిక్కు... కొనేవాళ్లెవరు? బాసర సరస్వతీ సన్నిధిలో అక్షరాభ్యాసానికి పలక కొనే తాతయ్య, ఒకటో తరగతికి కొనే అమ్మ, వందలకొద్దీ ఒకేసారి తీసుకునే సంస్థ, ముగ్గురికీ కావాల్సినవి వేరు. తాతయ్యకు బరువుతో పనిలేదు, పలక రాయిదై ఉండాలి, పదికాలాలు దాచుకునేలా ఉండాలి. అమెరికా నుంచి వచ్చి మనవడికి అక్షరాభ్యాసం చేయించుకుని వెళ్లేవాళ్లకు అది విమానంలో పగలకుండా చేరాలి కూడా. ముగ్గురినీ ఒకే ఇంట్లో ఇరికిస్తే ఎవరికీ సరిపడని పలక వస్తుంది. మూడు ఇళ్లు కట్టుకోవడమే మేలు.

చెప్పనిది చూడాలి

ఈ పద్ధతి మీద విమర్శలూ లేకపోలేదు. మాటలు యాభై, కొలతలు యాభై అయితే గళ్లు 2,500. నింపేవాళ్లకు ఓపిక నశించి, ఏసీ గదిలో కూర్చుని తోచిన అంకెలు వేసేస్తారు. అప్పుడది ఇల్లు కాదు, పేకమేడ. అందుకే జపాన్‌వాళ్లు వస్తువు వాడే చోటికి వెళ్లి చూడటాన్ని అంతగా పట్టించుకుంటారు.

అలా వెళ్లి చూసిన కథ ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. క్షిపణుల తయారీలో ఉన్న అబ్దుల్ కలాం దగ్గరికి నిమ్స్ ఎముకల వైద్యుడు ఒకరు వచ్చారు. అక్కడి తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఆయన్ను తన ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ మూడు కిలోలకు పైబడిన ఇనుప కాలిపర్లు తగిలించుకుని కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్న చిన్న పిల్లలు! మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. తన జీవితంలోని గొప్ప ఆనందాల్లో అదొకటని కలాం ఎన్నో సభల్లో చెప్పారు. ఆ పిల్లలు ‘బరువు తగ్గించండి’ అని అర్జీ పెట్టుకోలేదు. కాలిపరంటే అంతే బరువుంటుందనుకున్నారు. అలవాటైన బాధను ఎవరూ ఫిర్యాదుగా చెప్పరు, చూసినవాళ్లే పట్టుకోవాలి.

ఇక 2005లో వచ్చిన టాటా ఏస్. ఛోటా హాథీ అని పేరుపడ్డ ఆ చిన్న ట్రక్కు కోసం టాటా బృందం మూడు చక్రాల బండ్లు నడిపేవాళ్లతో మాట్లాడుతూ ఊళ్లు తిరిగింది. మోత, మైలేజీ, ధర... ఊహించిన జవాబులే వచ్చాయి. ఊహించనిది ఒకటి దొరికింది. నాలుగు చక్రాల బండి ఉంటే ఊళ్లో పెళ్లి సంబంధాలు బాగా వస్తాయట! గౌరవం అన్న మాట ఏ ఇంజినీరింగ్ పుస్తకంలోనూ లేదు. గోడ మీద రాసుకున్నారు కాబట్టి బండి లెక్కలో చేరింది.

బడి వదిలి గోడెక్కిన రాయి

బడిలో తగ్గిన గిరాకీని మార్కాపురం రాయి ఇళ్లలో వెతుక్కుంది. నేల మీద పరిచే బిళ్లలు, గోడలకు అతికించే పలకలు, తోటదారుల రాళ్లు... నలుపుతోపాటు రకరకాల రంగుల్లో. వస్తువు మారింది, కొనేవాళ్లు మారారు, వాళ్ల మాటలూ మారాయి. కొత్త ఇల్లు కట్టుకోవాలి మరి.

‘నా మనవల కాలందాకా కప్పు కారకూడదు’ అంటాడు ఇల్లు కట్టుకునేవాడు. దీన్ని కొలతగా మార్చడమెలా? కప్పురాళ్లకు అమెరికాలో ఏఎస్‌టీఎం సి406 అనే ప్రమాణం ఉంది. అందులో మొదటి తరగతి రాయి 75 ఏళ్లకు పైగా మన్నాలి. అలా మన్నుతుందని ఇవాళే తెలిసేదెలా? నీళ్లలో నానబెట్టి చూస్తారు. వంద కిలోల రాయి పావు కిలోకి మించి నీరు పీల్చకూడదు. దాదాపు అరకిలో దాకా పీల్చే రాయి మూడో తరగతి, దాని ఆయుష్షు 20 నుంచి 40 ఏళ్లు. మనవల కాలం అన్న మాట పావుకిలో నీళ్లయిందన్నమాట! క్యూఎఫ్‌డీ చేసే పనికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

‘గోడ మీద తుప్పు చారలు రాకూడదు’ అన్నది మరో మాట. కొన్ని పలకరాళ్లలో పైరైట్ కణాలుంటాయి. బంగారంలా మెరుస్తాయి. వానకూ గాలికీ తుప్పుపట్టి గోడ పొడవునా ఎర్రగా కారతాయి. ఐరోపా ప్రమాణాల్లో రాయిని మళ్లీ మళ్లీ తడిపి, వేడిలో ఆరబెట్టి, ఈ మరకలు వస్తాయో రావో చూసి తరగతి ఇస్తారు. గనిలోనే మెరుపు ఉన్న పొరను పక్కన పెట్టేస్తే ఈ వరసకు జవాబు దొరికినట్టే. టయోటాకు తుప్పు నేర్పిన పాఠం రాతికీ పనికొస్తుంది.

మేస్త్రీ మాట మాత్రం వేరు. అతనికి రంగుతోనూ మన్నికతోనూ పనిలేదు. బిళ్లలన్నీ ఒకే మందం ఉండాలి. లేకపోతే ఒకదాని కింద సిమెంటు ఎక్కువ, ఇంకోదాని కింద తక్కువ పోసి సరిచేసుకుంటూ రోజంతా గడపాలి. చీల్చిన రాయి అందం దాని ఎగుడుదిగుడు ముఖంలోనే ఉంది, మేస్త్రీకి కష్టమూ అక్కడే. ఇంటికప్పులో ఇదో తగాదా. పైముఖాన్ని చీలినది చీలినట్టే వదిలి, వెనకవైపు మాత్రం యంత్రంతో సమం చేసిన బిళ్లలు అలా వచ్చినవే. ఇంటాయనకు పైముఖం, మేస్త్రీకి వెనకముఖం.

గోడ మీద లేని వరస

ఇన్ని మాటలు రాసుకున్నాక కూడా ఒక వరస ఖాళీగా ఉండిపోతుంది. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక పథకాన్ని మొదలుపెట్టినప్పుడు, పిల్లలు ఎక్కువగా పనిచేస్తున్న పరిశ్రమలను దేశంలో కొన్ని చోట్ల ఎంచుకుంది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడి... ఆ జాబితాలో మార్కాపురం పలక కూడా ఉంది. బడికెళ్లే పిల్లల కోసం బడి మొహం చూడని పిల్లలు పలకలు చేసిన రోజులవి. పలక చేతికందిన పిల్లవాడు ‘ఇది ఎవరు చేశారు’ అని అడగడు కదా. అడగని మాట పట్టికలోకి రాలేదు.

ఇప్పుడు విదేశీ కొనుగోలుదారులు సరుకు మీద పిల్లల చెయ్యి పడలేదన్న హామీ అడగడం మామూలైంది. ఆ మేరకు ఒక వరస గోడ మీదికొచ్చింది. పెద్దల సంగతి ఇంకా రావాల్సి ఉంది. పలకరాయిని పొడిగా కోసినప్పుడూ అరగదీసినప్పుడూ లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోయే సిలికోసిస్ వస్తుంది. దాన్ని నయంచేసే మందు లేదు. ‘మాకు దుమ్ము రాకూడదు’ అన్నది కొనేవాళ్ల మాట కాదు కాబట్టి వదిలేయాలా? అకావో పద్ధతిలో దానికేమీ అడ్డులేదు. వరస గీసి రాసుకోవడమే, దానికి ఐదుకు ఐదు మార్కులు వేయడమే.

రాసి చూస్తే ఓ విచిత్రం కనిపిస్తుంది. రంపం మీద నీళ్లు పడుతుండగా కోస్తే దుమ్ము చాలామటుకు అణిగిపోతుంది. రంపం వేడెక్కదు. అంచు పెచ్చులూడకుండా నున్నగా వస్తుంది. కార్మికుడి వరసలోనూ మేస్త్రీ వరసలోనూ, ఒకే కొలతకు రెండు తొమ్మిదులు! ఇంటికప్పులో మాత్రం ఒక అడ్డుగీత పడుతుంది. వేసవిలో తాగునీటికే ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ప్రాంతంలో రంపానికి నీళ్లెక్కడివి? కోసిన నీటిని రెండు మూడు తొట్లలో తేర్చుకుంటే అడుగున రాతిబురద మిగులుతుంది, పైన తేరిన నీళ్లు మళ్లీ రంపం దగ్గరికే వెళతాయి. ఆ తొట్లకు అయ్యే ఖర్చెంత, రోజుకు కొత్తగా పోయాల్సిన బిందెలెన్ని అన్నది పైవరసలో చేర్చాల్సిన తర్వాతి కొలత.